జాకీ రాబిన్‌సన్ ఎవరి ఇల్లు దొంగిలించాడు? (రెండో తరగతి పిల్లలకు బేస్‌బాల్ ఆటగాళ్ల జీవితచరిత్రలు చదివించడం గురించి)

ఫ్రిస్కో_పద్మ
మా బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి. వాళ్ల తరగతిలో ఈ నెల ప్రతి పిల్లవాడూ ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితచరిత్ర చదవాలి. నెలాఖరున ఆ వేషం వేసుకుని బొమ్మలా కదలకుండా నిలబడి, చూడడానికి వచ్చినవాళ్లు కాగితపు మీట నొక్కగానే తన కథ తానే చెప్పాలి. మావాడు జాకీ రాబిన్‌సన్ అనే నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడిని ఎంచుకున్నాడు. కారణం అడిగితే, అట్ట మీద ఆయన గాలిలో తేలుతున్నట్టు ఉన్నాడన్నాడు. 32 పేజీల పుస్తకాన్ని ఒక్క తప్పు లేకుండా గడగడా చదివేశాడు. నేను మురిసిపోతూ ఉండగానే, "అమ్మా, ఈయన మంచివాడే కదా, మరి ఇల్లు ఎందుకు దొంగిలించాడు?" అని అడిగాడు. పుస్తకంలో ఉన్నది 'స్టోల్ హోమ్' అన్న మాట. దాని అర్థం నాకూ తెలియదు, పక్కనే ఉన్న మా వారికీ తెలియదు. టీచరు మాత్రం "చదవడం చక్కగా ఉంది, అర్థం చేసుకోవడంలో వెనకబడి ఉన్నాడు" అని రాసి పంపారు. పిల్లవాడి చదువులో లోపం ఉందా, లేక మేము ఎంచుకున్న పుస్తకమే తప్పా? మనిషిని మార్చేయమంటారా?

కవర్‌డ్రైవ్
మార్చేయండి. ఆట తెలియని ఇంట్లో ఆటగాడి కథ ఎందుకండీ? మనకు సి.కె. నాయుడు గారు ఉన్నారు. నాగపూర్‌లో పుట్టిన తెలుగు కుటుంబం వారు, 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన మొదటి టెస్టుకు కెప్టెన్. పైగా ఆయనా, బేబ్ రూత్ అనే వాళ్ల బేస్‌బాల్ వీరుడూ ఒకే సంవత్సరం, 1895లో, పుట్టారు. అడిగితే టీచరు తప్పకుండా ఒప్పుకుంటారు.

ఫ్రిస్కో_పద్మ
కవర్‌డ్రైవ్ గారూ, చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, మావాడికి క్రికెట్ కూడా తెలియదు. వాడు సాకర్ ఆడతాడు.

నిద్రలేని_నాన్న
అయితే నాయుడు గారు కూడా ఏదో ఒకటి దొంగిలించారనే అనుకుంటాడు.

మూడో_తరగతి_టీచరమ్మ
నేను న్యూజెర్సీలో పద్నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పద్మ గారూ, మీ బాబు చదువులో లోపమేమీ లేదు. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతులు చదువుతున్న 64 మంది పిల్లల చేత బేస్‌బాల్ ఆటలో ఒక సగం ఇన్నింగ్స్ వర్ణనను చదివించారు. చదువులో ముందున్నవాళ్లు, వెనకబడినవాళ్లు, ఆట తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అని పిల్లలను నాలుగు జట్లుగా చేశారు. చదివిన తరువాత, చిన్న మైదానం నమూనా మీద బొమ్మలను జరుపుతూ ఏం జరిగిందో చూపించమన్నారు. చదువులో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే చాలా మెరుగ్గా చెప్పారు. ఆట తెలియకపోతే చదవగలిగే నేర్పు అంతగా అక్కరకు రాలేదు. మీ ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే. కాబట్టి మనిషిని మార్చకండి, ముందు ఆట నేర్పండి.

ఇంకొక మాట. బేస్‌బాల్‌లో పిల్లలను బోల్తా కొట్టించేవి కొత్త మాటలు కావు, వాళ్లకు ముందే తెలిసిన మాటలు. బంతి విసిరే పిచర్ అంటే వాళ్లకు నీళ్ల కూజా, హోమ్ దగ్గర నేల మీద ఉండే ప్లేట్ అంటే అన్నం పళ్లెం, వాక్ అంటే నడక, ఫ్లై అంటే ఈగ, డైమండ్ అంటే అమ్మ ఉంగరంలోది. తెలియని మాట ఎదురైతే పిల్లవాడు ఆగి అడుగుతాడు కానీ, తెలిసిన మాట తప్పు అర్థంలో వస్తే ఆగకుండా సాగిపోతాడు, మనమేమో అర్థమైందనుకుంటాం. నిజానికి "ఇల్లెందుకు దొంగిలించాడు" అని అడిగిన మీ బాబు తరగతిలో అందరికంటే శ్రద్ధగా చదివినట్టు లెక్క.

ఎడిసన్_రామం
టీచరమ్మ గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక అనుమానం. ఏడేళ్ల పిల్లవాడికి ఆట మొత్తం నేర్పి, ఆ తరువాత పుస్తకం చదివించేసరికి నెల గడిచిపోతుంది. మా పాప విషయంలో నేను చేసింది వేరు. పుస్తకంలో ఆటకు సంబంధించిన మాటలు పది కూడా ఉండవు. వాటిని ముందే ఏరి, ఒక్కొక్క దానికి యూట్యూబ్‌లో అర నిమిషం దృశ్యం చూపించాను. ఆ తరువాతే పుస్తకం తెరిచాం.

అంకెల దగ్గర మాత్రం ఇరుక్కున్నాం. 1949లో రాబిన్‌సన్ బ్యాటింగ్ సగటు .342 అని ఉంది. రెండో తరగతిలో దశాంశాలు ఉండవు కదా. "పది సార్లు ప్రయత్నిస్తే మూడు సార్లకు కొంచెం పైగా కొట్టాడు" అని చెప్పాను. "అంటే ఏడు సార్లు కొట్టలేదా? మరి ఫెయిల్ కదా?" అంది. ఆ సంవత్సరం ఆయన లీగులోని అందరికంటే మెరుగైన సగటు సాధించి, అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడని చెబితే నా వంక అదోలా చూసింది. తొంభైకి తగ్గితే ఇంట్లో మొహాలు ఎలా మారతాయో దానికి తెలుసు మరి.

గ్రంథాలయం_గౌరి
నేను ఒహాయోలో ఒక పౌర గ్రంథాలయంలో పిల్లల విభాగంలో పనిచేస్తాను. చాలామంది తల్లిదండ్రులు బేస్‌బాల్ పుస్తకాలంటే నేరుగా ఆ ఆట వర్గ సంఖ్య అయిన 796.357 అర దగ్గరకు వెళతారు. అక్కడ దొరికేవి ఎక్కువగా ఆట నియమాలు, జట్లు, రికార్డుల పుస్తకాలు. చాలా గ్రంథాలయాల్లో జీవితచరిత్రలకు వేరే అర ఉంటుంది, అక్కడ పుస్తకాలను రచయిత పేరుతో కాక, కథానాయకుడి ఇంటిపేరు వరసలో పెడతాం. రెండు అరల నుంచీ ఒక్కొక్కటి తీసుకోండి. ఆట పుస్తకంలో మైదానం బొమ్మ ఉన్న పేజీని పక్కన తెరిచిపెట్టుకుని జీవితచరిత్ర చదివిస్తే, రామం గారి యూట్యూబ్ అవసరం సగం తీరుతుంది.

తీసుకునే ముందు పుస్తకం ముద్రించిన సంవత్సరం కూడా చూడండి. పాత పుస్తకాల్లో అత్యధిక హోమ్‌రన్ల (మన సిక్సర్ల వంటివి) వీరుడు 755తో హాంక్ ఆరన్. 2007లో బారీ బాండ్స్ ఆయనను దాటాడు. ఇంకా ఆసక్తికరమైన సంగతి, నల్లజాతివారి కోసం విడిగా నడిచిన నీగ్రో లీగుల లెక్కలను 2024లో మేజర్ లీగుల రికార్డుల్లో కలిపారు. దానితో జీవితకాల బ్యాటింగ్ సగటులో ఎన్నో దశాబ్దాలుగా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ కిందికి దిగి, .372తో జాష్ గిబ్సన్ పైకి వచ్చాడు. ఆయన చనిపోయిన 77 ఏళ్ల తరువాత! మొన్న ఒక అబ్బాయి రెండు పుస్తకాలు తెచ్చి నా బల్ల మీద పక్కపక్కన పెట్టి, "ఇందులో ఏది అబద్ధం?" అని అడిగాడు. రెండింటి వెనక పేజీలో ముద్రణ సంవత్సరాలు చూపించాను. తరువాత అరగంట సేపు వాడు కథలు వదిలేసి వెనక పేజీలే చదివాడు.

నిద్రలేని_నాన్న
ఆటంతా సరే కానీ, నా బాధ వేరు. ఈ కథల్లో సగం భాగం అవమానాలే. మా అమ్మాయికి ఆరేళ్లు. ప్రేక్షకులు ఆయనను ఏమేం తిట్టారో, హోటళ్లలో ఎలా రానివ్వలేదో చదివితే రాత్రి నిద్రపోదు, ఆ తరువాత నేను నిద్రపోను. ఆ పేజీలు దాటించి, ఆట ఉన్న పేజీలు మాత్రమే చదివించాను. తప్పా?

మూడో_తరగతి_టీచరమ్మ
తప్పనను కానీ, ఆ పేజీలు తీసేస్తే మిగిలేది ఏమిటో చూడండి. 1947 ఏప్రిల్ 15న ఒక 28 ఏళ్ల మనిషి బ్రూక్లిన్ జట్టు తరఫున ఫస్ట్ బేస్‌లో నిలబడ్డాడు, అంతే. ఆ రోజు నిలబడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. ఆయన గురించే పుస్తకం ఎందుకు రాశారన్న ప్రశ్నకు జవాబు మీరు దాటించిన పేజీల్లోనే ఉంది. తిట్లను యథాతథంగా చెప్పనక్కరలేదు. "రంగు కారణంగా నల్లవాళ్లను పెద్ద జట్లలోకి తీసుకునేవారు కాదు, ఆ పద్ధతి అన్యాయం, ఈయన దానిని మొదట దాటాడు" అన్న మూడు ముక్కలు ఆరేళ్లవాళ్లకు చక్కగా అర్థమవుతాయి. అన్యాయం అన్న మాటను పిల్లలు మనకంటే త్వరగా పట్టుకుంటారు. తమ్ముడికి పెద్ద ముక్క కేకు వెళితే ఎవరూ నేర్పకుండానే ఆ మాట వస్తుంది కదా.

ఎడిసన్_రామం
అర్థమవుతాయి సరే, ఆ తరువాత వచ్చే ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉందా? మా పాప నేరుగా అడిగింది: "నాన్నా, అప్పుడు మనం ఇక్కడ ఉంటే మనల్ని ఆడనిచ్చేవారా?" నేను తన చేతినీ, నా చేతినీ చూసుకుని, కాసేపు తడబడి, "అనుమానమే" అన్నాను. అంతకంటే నిజమైన జవాబు నాకు తట్టలేదు.

తెనాలి_తాతయ్య
మనవడికి వారానికి మూడు రోజులు వీడియోలో పుస్తకం వినిపించే ఉద్యోగం నాది, అందుకే మాట్లాడుతున్నాను. రామం బాబూ, ఆ ప్రశ్నకు నా దగ్గర ఇంకొక జవాబు ఉంది. "ఆడనివ్వకపోవడం" అమెరికావాళ్లు కనిపెట్టినది కాదు. మా చిన్నతనంలో ఊరి టీ కొట్టులో కొందరికి గ్లాసు వేరుగా ఉండేది, తాగినవాళ్లే కడిగిపెట్టి వెళ్లాలి. నేను చూశాను, అప్పుడు నాకేమీ అనిపించలేదు, ఆ సంగతి కూడా మనవడికి చెప్పాను. పుణె క్లబ్బులో బౌలింగు చేసిన పల్వంకర్ బాలూకు కూడా అంతే. ఆయన వేసే బంతి కావాలి కానీ, టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో ఇచ్చేవారు. 1911లో అదే మనిషి ఇంగ్లాండు వెళ్లి వందకు పైగా వికెట్లు తీశాడు. రాబిన్‌సన్ కథతో పాటు ఈ కథ కూడా చెబితే, పిల్లవాడు "వాళ్లు చెడ్డవాళ్లు, మనం మంచివాళ్లం" అనుకోకుండా ఉంటాడు.

కవర్‌డ్రైవ్
తాతయ్య గారూ, చివరికి క్రికెట్ దగ్గరకే వచ్చారు. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

తెనాలి_తాతయ్య
నువ్వు మార్చేయమన్నావు నాయనా, నేను కలిపి చదవమంటున్నాను. రెండూ ఒకటి కావు.

పిట్స్‌బర్గ్_సూరి
రాబిన్‌సన్ ఒక్కడే ఉన్నట్టు మాట్లాడుతున్నారు. మా ఊరి మనిషి గురించి చెప్పనివ్వండి. రాబర్టో క్లెమెంటే 1934లో పోర్టోరికోలో పుట్టి, 1955 నుంచి 18 సీజన్లు మా పైరేట్స్ జట్టుకే ఆడాడు. సరిగ్గా 3000 హిట్లు. చివరిది 1972 సెప్టెంబర్ 30న. అదే సంవత్సరం డిసెంబరులో నికరాగువాలో భూకంపం వస్తే, సహాయ సామగ్రి నింపిన విమానంలో తానే బయలుదేరాడు, అది 31వ తేదీ రాత్రి సముద్రంలో కూలిపోయింది. సాధారణంగా హాల్ ఆఫ్ ఫేమ్‌కు, అంటే బేస్‌బాల్ మహామహుల జాబితాకు, ఆట మానేశాక అయిదేళ్లు ఆగాలి. ఆయన కోసం ఆ నియమం సడలించి 1973లోనే చేర్చారు.

మా అబ్బాయిని కట్టిపడేసింది మాత్రం ఇవేవీ కావు, ఆయన పేరు. చాలా ఏళ్లపాటు బేస్‌బాల్ కార్డుల మీద ఆయనను 'బాబ్' క్లెమెంటే అని అచ్చువేశారు. తన పేరు రాబర్టో అని ఆయన చెబుతూనే ఉన్నాడు. చనిపోయాక పెట్టిన హాల్ ఆఫ్ ఫేమ్ ఫలకం మీద కూడా తల్లి ఇంటిపేరును మధ్యలో ఇరికించి తప్పు వరసలో రాశారు, దానిని 2000లో సరిచేసి కొత్త ఫలకం పోతపోశారు. మా అబ్బాయి పేరు వెంకట సాయి శ్రీకర్. బడిలో 'వెన్' అంటారు. ఈ పేజీ చదివిన మరుసటి రోజు వాడు టీచరు దగ్గరకు వెళ్లి, "నా పేరు శ్రీకర్" అని కాగితం మీద రాసిచ్చి వచ్చాడు. నేను చెప్పమనలేదు. అసలు నాకు ఆఫీసులో ఉన్న పేరేమిటో ఇక్కడ చెప్పను.

వేంకటేశ్వర స్వామి గుడికి పిట్స్‌బర్గ్ వచ్చేవాళ్లు ఒక పూట మిగుల్చుకుని పిల్లలకు క్లెమెంటే వంతెన చూపించండి. పక్కనే ఉన్న స్టేడియంలో కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, అది ఆయన చొక్కా అంకె. పుస్తకంలో చదివిన అంకె గోడగా ఎదురైతే పిల్లలు మరిచిపోరు.

ఇద్దరాడపిల్లల_తండ్రి
ఇంతసేపూ ఒక్క ఆడమనిషి పేరు రాలేదు. మా పెద్దమ్మాయి ఇదే అడిగింది. 1931 ఏప్రిల్ 2న చాటనూగాలో జరిగిన ప్రదర్శన ఆటలో జాకీ మిచెల్ అనే 17 ఏళ్ల అమ్మాయి అప్పటి మేటి బ్యాటర్లు బేబ్ రూత్‌నూ, లూ గెరిగ్‌నూ వరసగా అవుట్ చేసింది, రూత్‌కు చాలా కోపం వచ్చింది. మా పిల్ల గంతులు వేసింది. ఇక్కడే ఒక చిక్కు. ఆ జట్టు యజమాని జనాన్ని రప్పించడానికి వింతలు చేయడంలో పేరుపడ్డవాడు. ఆట మొదట ఏప్రిల్ 1న పెట్టుకున్నారు, వాన వల్ల మరుసటి రోజుకు మారింది. కాబట్టి ఆ ఇద్దరూ కావాలనే అవుట్ అయ్యారని కొందరు, కాదు నిజంగానే వేసిందని కొందరు ఇప్పటికీ వాదిస్తారు. పిల్లల పుస్తకంలో ఈ సందేహం చివరి పేజీలో చిన్న అక్షరాలలో ఉంది. చదివించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

గ్రంథాలయం_గౌరి
చదివించండి. ఆ చివరి పేజీ 'రచయిత మాట'ను నేను పిల్లల చేత ముందే చదివిస్తాను. బొమ్మల జీవితచరిత్రల్లో సంభాషణలు చాలావరకు రచయితలు ఊహించి రాసినవే, మంచి రచయిత ఆ సంగతి అక్కడ ఒప్పుకుంటాడు. విలియం హాయ్ అనే బధిర ఆటగాడి కథ చూడండి. అంపైర్ల చేతి సైగలు ఆయన వల్లే వచ్చాయని చాలాచోట్ల రాసి ఉంటుంది, కానీ దానికి గట్టి ఆధారం లేదు. ఆయన 1889లో అవుట్‌ఫీల్డ్ నుంచి విసిరి ఒకే ఆటలో ముగ్గురిని హోమ్ దగ్గర అవుట్ చేయించాడన్నది మాత్రం జరిగిన సంగతి. 1932లో బేబ్ రూత్ వేలు చూపించి మరీ ఆ వైపే బంతి కొట్టాడన్నదీ ఇప్పటికీ తగవే. అంతెందుకు, రూత్ తాను పుట్టిన సంవత్సరమే తప్పుగా నమ్ముతూ చాలాకాలం బతికాడు.

నిద్రలేని_నాన్న
అందులో వింతేముంది, మా నాన్నగారికి బడిలో వేయించిన పుట్టినరోజు ఒకటి, అసలుది ఒకటి. వీసా వాళ్లకు అర్థం కాలేదు కానీ రూత్ గారికి అర్థమయ్యేది.

ఇద్దరాడపిల్లల_తండ్రి
గౌరి గారి మాట విని చదివించాను. మా పెద్దది కాసేపు ముఖం ముడుచుకుని, "వాళ్లు కావాలని అవుట్ అయితే రూత్‌కు అంత కోపం ఎందుకు వచ్చింది?" అని, ఆ ప్రశ్ననే తన వ్యాసంలో మొదటి వాక్యంగా రాసుకుంది. చిన్నది మాత్రం ఏప్రిల్ 1 కాబట్టి అబద్ధమే అంటుంది. ఇంట్లో ఇంకా తేలలేదు.

తెనాలి_తాతయ్య
పద్మ తల్లీ, అసలు ప్రశ్న నీది, అది ఇంకా అలాగే ఉంది. టీచరమ్మ చెప్పిన నమూనా మైదానం కొనాల్సిన పని లేదు. మీ ఇంట్లో అష్టాచెమ్మా తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా? కాయ బయలుదేరి, చుట్టూ తిరిగి, ఇంటికి చేరితే పండినట్టు. గీతలు కొట్టిన గడిలో ఉన్నంతసేపూ దానిని ఎవరూ చంపలేరు, బయట ఉంటే చంపుతారు. బేస్‌బాల్‌లో పరుగు అంటే అంతే కదా: మూడు బేస్‌లూ దాటి మళ్లీ హోమ్ చేరితే ఒక కాయ పండింది, బేస్ మీద కాలు ఉన్నంతసేపూ ప్రాణభయం లేదు. మా మనవడికి నేను అలాగే చెప్పాను. ఇక దొంగతనమంటావా, గవ్వలు వేయకుండానే కాయ జరపడం!

మూడో_తరగతి_టీచరమ్మ
తాతయ్య గారూ, ఇంత తేలికగా ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను. బ్యాటర్ బంతిని కొట్టకుండానే పరుగెత్తి తరువాతి బేస్ చేరడాన్నే దొంగిలించడం అంటారు. తేడా ఒక్కటే: అష్టాచెమ్మాలో అది అన్యాయం, ఇక్కడ న్యాయమే, కాకపోతే పట్టుబడితే అవుట్. రేపు తరగతిలో వాడుకుంటాను, గవ్వలు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి.

కవర్‌డ్రైవ్
ఎడిసన్‌లో ఏ ఇండియన్ కొట్టులోనైనా అడిగి చూడండి. లేకపోతే చింతపిక్కలను ఒకవైపు అరగదీసుకోండి. నేను ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను.

ఫ్రిస్కో_పద్మ
నాలుగు రోజులు రాలేకపోయాను, అందరికీ ఒకేసారి చెబుతున్నాను. మా అమ్మ ఆరు నెలలకని వచ్చి ఇక్కడే ఉంది. శనివారం గ్యారేజీ ముందు సిమెంటు మీద సుద్దముక్కతో పలక వంటి చతురస్రం గీసి, నాలుగు మూలలా గీతలు కొట్టి, బటన్లను కాయలుగా పెట్టింది. మావాడు పుస్తకం చదువుతూ ఒక్కొక్క వాక్యానికీ బటన్ జరిపాడు. 1955 వరల్డ్ సిరీస్ (ఆ ఏటి ఫైనల్ పోటీలు) మొదటి ఆట పేజీ వచ్చింది. రాబిన్‌సన్ థర్డ్ బేస్ మీద ఉన్నాడు, బంతి పిచర్ చేతిలో ఉంది, హోమ్ తొంభై అడుగుల దూరం. అక్కడ వాడు చదవడం ఆపేసి, బటన్ మీద వేలు పెట్టి, చుట్టూ ఒకసారి చూసి, చటుక్కున ఇంట్లోకి తోసేశాడు. "అమ్మమ్మా, గవ్వలు వేయలేదు!" అని అరిచాడు. ఆ తరువాత నా వైపు తిరిగి, "అయితే అమ్మమ్మ రోజూ స్టీల్ చేస్తుంది కదా" అన్నాడు. మా అమ్మ అటువైపు చూస్తూ కూర్చుంది.

టీచరమ్మ గారు చెప్పిన అన్యాయం మాట కూడా మాట్లాడుకున్నాం. 1944లో సైన్యంలో ఉండగా బస్సులో వెనక్కి వెళ్లమంటే ఆయన వెళ్లనన్నాడనీ, విచారణ జరిపి నిర్దోషి అని తేల్చారనీ వేరే పుస్తకంలో చదివాడు. ఆ క్యాంప్ హుడ్ మా టెక్సాస్‌లోనే అని తెలిసి, "మన కారు అటు వెళుతుందా?" అని అడుగుతున్నాడు. ఆటలో తిట్టినా తిరిగి కొట్టకూడదని రాబిన్‌సన్ మాట ఇచ్చాడన్నది మాత్రం వాడికి ఇప్పటికీ మింగుడు పడలేదు. నేను నచ్చజెప్పలేదు.

గ్రంథాలయం_గౌరి
వేషం రోజు ఏమైంది?

ఫ్రిస్కో_పద్మ
నీలం అక్షరాల చొక్కా వెనక రాబిన్‌సన్ అంకె 42 అతికించాం. మీట నొక్కిన ప్రతిసారీ పుట్టిన ఊరు, సంవత్సరం చెప్పకుండా నేరుగా ఆ దొంగతనం దగ్గరే మొదలుపెట్టాడట. ఇప్పుడు ఇంట్లో కొత్త తగవు. హోమ్ దగ్గర బంతి పట్టే క్యాచర్ యోగి బెర్రా అది అవుటేనని బతికినంతకాలం వాదించాడని పుస్తకంలో ఉంది కదా, మావాడు ఆ ఫోటోను పెద్దది చేయించి గోడకు అతికించాడు. అంపైరు సేఫ్ అన్నాడని వాడు, కాలు ఇంకా పళ్లానికి తగలలేదని మా అమ్మ. ఆవిడ కళ్లజోడు మార్చుకుని వచ్చి మళ్లీ చూసి, "అవుటే" అంది.

తెనాలి_తాతయ్య
ఆ ఫోటో ఇక్కడ పెట్టు తల్లీ, నేను కూడా చూస్తాను.